దర్రీ డిజైన్ల ఎస్‌వీజీ నా లాప్‌టాప్‌లో కనిపిస్తోంది, సైట్‌లో కనిపించడం లేదు

కొత్తవాడ_పోరడు
మా మేనమామ వాళ్లది వరంగల్ కొత్తవాడలో దర్రీల (నేల మీద పరిచే జంపఖానాల) పని. ఇంట్లో రెండు మగ్గాలున్నాయి. ఆయన కోసం చిన్న వెబ్‌సైట్ చేస్తున్నాను. పైన షాపు లోగో, కింద పది డిజైన్లు రావాలి. దర్రీ డిజైన్లంటే అన్నీ గీతలు, త్రికోణాలు, మెట్లమెట్లుగా ఉండే వజ్రాలు. ఫొటోలకు బదులు ఎస్‌వీజీలో (బొమ్మను గీతల లెక్కలుగా దాచే ఫైల్‌లో) పెడితే ఎంత పెద్దగా చేసినా అంచులు చెదరవని అలా మొదలుపెట్టాను.

మూడు రోజులైంది, పని ముందుకు సాగడం లేదు. లాప్‌టాప్‌లో ఫైల్ మీద రెండుసార్లు నొక్కితే క్రోమ్‌లో చక్కగా తెరుచుకుంటుంది. అదే ఫైల్‌ను సర్వర్‌లోకి ఎక్కించి ఇమేజ్ ట్యాగ్‌తో పేజీలో పెడితే విరిగిన బొమ్మ గుర్తు వస్తోంది. పీఎన్‌జీ, జేపీజీ ఫైళ్లు అదే ఫోల్డర్ నుంచి బాగానే వస్తున్నాయి. లోగో వరంగల్ చౌరస్తా దగ్గర ఒక డీటీపీ షాపులో కోరల్‌డ్రాలో చేయించాం. డిజైన్లు నేనే ఇంక్‌స్కేప్‌లో గీశాను. రెండు రకాలూ రావడం లేదు. ఆదివారం చుట్టాలందరికీ సైట్ చూపిస్తానని మామ అందరికీ చెప్పేశాడు. నాకు టెన్షన్‌గా ఉంది.

మంచిర్యాల_మౌస్
ఫైల్ పేరు ఒకసారి చూడు. విండోస్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా ఉండదు. లినక్స్ సర్వర్‌లో ఉంటుంది. ఫైల్ చివర ఎస్‌వీజీ పెద్దక్షరాల్లో ఉండి, పేజీలో చిన్నక్షరాల్లో రాస్తే దొరకదు. నేను ఒకరోజంతా దీనికే పోగొట్టుకున్నాను.

కొత్తవాడ_పోరడు
చూశాను అన్నా, రెండు చోట్లా చిన్నక్షరాలే.

హంటర్‌రోడ్_సర్వర్
ఎస్‌వీజీ ఫైల్ అడ్రస్‌ను నేరుగా బ్రౌజర్‌లో కొట్టు. ఏం జరుగుతుందో చెప్పు.

ఎనుమాముల_మిర్చి
ఇంత కష్టం ఎందుకు? పీఎన్‌జీలు వస్తున్నాయి కదా. లోగోను రెండు వేల పిక్సెల్స్ పీఎన్‌జీ చేసి పెట్టేయ్. ఆదివారం గడిచాక తీరిగ్గా చూసుకో.

కొత్తవాడ_పోరడు
@హంటర్‌రోడ్_సర్వర్ నేరుగా కొడితే బొమ్మ తెరుచుకోవడం లేదు, ఫైల్ డౌన్‌లోడ్ అయిపోతోంది.

@ఎనుమాముల_మిర్చి లోగోకైతే సరే అన్నా. కానీ డిజైన్ మీద వేలు పెట్టి పెద్దగా చేస్తే ప్రతి మెట్టూ లెక్కపెట్టేలా కనబడాలని మామ కోరిక. కొనేవాళ్లు అట్లనే చూస్తారట.

హంటర్‌రోడ్_సర్వర్
డౌన్‌లోడ్ అవుతోందంటే సగం దొరికినట్టే. ఫైల్‌లో తప్పు లేదు. సర్వర్ దాన్ని బ్రౌజర్‌కు పంపేటప్పుడు "ఇది ఎస్‌వీజీ బొమ్మ" అని చెప్పడం లేదు.

ఏ ఫైల్ పంపినా సర్వర్ ముందుగా కంటెంట్ టైప్ అనే ఒక లైన్ పంపుతుంది. పీఎన్‌జీకి ఇమేజ్/పీఎన్‌జీ. ఎస్‌వీజీకి ఇమేజ్/ఎస్‌వీజీ+ఎక్స్‌ఎంఎల్ అని వెళ్లాలి. నీ సర్వర్ జాబితాలో ఎస్‌వీజీ లేకపోతే "ఏదో ఒక ఫైల్" అనే అర్థంలో ఆక్టెట్ స్ట్రీమ్ అని పంపుతుంది. అప్పుడు బ్రౌజర్ దాన్ని బొమ్మగా తీసుకోదు. పీఎన్‌జీ, జేపీజీలకు ఫైల్ మొదటి బైట్లలోనే ఒక గుర్తు ఉంటుంది కాబట్టి సర్వర్ తప్పు చెప్పినా బ్రౌజర్ కనిపెట్టగలదు. ఎస్‌వీజీ మామూలు టెక్స్ట్ కదా, దానికి అలాంటి గుర్తు లేదు. నీ లాప్‌టాప్‌లో సర్వర్ మధ్యలో లేదు, ఫైల్ పేరు చివర చూసి బ్రౌజర్ తెరిచేసింది. తేడా అంతా అక్కడే.

ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఆ ఫైల్ మీద నొక్కితే కంటెంట్ టైప్ కనిపిస్తుంది. మీది అపాచీ సర్వర్ అయితే డాట్ హెచ్‌టీయాక్సెస్ ఫైల్‌లో ఒక్క లైన్ చాలు: యాడ్‌టైప్, ఖాళీ, ఇమేజ్/ఎస్‌వీజీ+ఎక్స్‌ఎంఎల్, ఖాళీ, డాట్ ఎస్‌వీజీ. కంట్రోల్ పానెల్ ఉంటే మైమ్ టైప్స్ అనే చోట కూడా పెట్టుకోవచ్చు. పెట్టాక పేజీని కొత్తగా తెచ్చుకోవడానికి కంట్రోల్ ఎఫ్5 కొట్టడం మర్చిపోకు.

కాజీపేట_జంక్షన్
పై పోస్టుకు చిన్న చేర్పు. ఎస్‌వీజీజెడ్ ఫైళ్లు వాడేవాళ్లకు ఆ లైన్ ఒక్కటే సరిపోదు. అది జిప్ చేసిన ఎస్‌వీజీ. సర్వర్ "ఇది జీజిప్" అని కంటెంట్ ఎన్‌కోడింగ్‌లో కూడా చెప్పాలి. లేకపోతే బ్రౌజర్‌కు అది అర్థంలేని బైట్ల కుప్పే. అసలు సర్వర్‌లోనే జీజిప్ ఆన్ చేసుకుంటే ఎస్‌వీజీజెడ్ అవసరమే రాదు.

కొత్తవాడ_పోరడు
వచ్చేసింది అన్నా! కంటెంట్ టైప్ చూస్తే మీరన్నట్టే ఆక్టెట్ స్ట్రీమ్ అని ఉంది. లైన్ పెట్టాను, లోగో, డిజైన్లు అన్నీ వచ్చాయి. చాలా థ్యాంక్స్.

కానీ ఇప్పుడు రెండు కొత్త తలనొప్పులు. లోగోలో షాపు పేరు తెలుగులో ఉండాలి, దాని బదులు ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు కలగాపులగంగా వస్తున్నాయి. డిజైన్లనేమో ఇమేజ్ ట్యాగ్ బదులు ఆబ్జెక్ట్ ట్యాగ్‌తో పెట్టి చూశాను, ఎడమవైపు పై మూల మాత్రమే కనబడుతున్నాయి, మిగతాదంతా కత్తిరించినట్టు పోయింది.

డీటీపీ_30ఏళ్లు
పేరు సంగతి నేను చెప్తా. డీటీపీ షాపులో పాత పద్ధతి తెలుగు ఫాంట్‌తో కొట్టి ఉంటారు. పేజ్‌మేకర్ కాలం నుంచి మన దగ్గర పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు అన్నీ ఆ ఫాంట్లతోనే నడుస్తున్నాయి. అవి యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉండే పద్ధతి) కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ఆకారాలు కూర్చోబెట్టి ఉంటాయి. ఆ ఫాంట్ ఉన్న కంప్యూటర్‌లో తెలుగు కనబడుతుంది, లేని చోట వెనకున్న ఇంగ్లిష్ అక్షరాలు బయటపడతాయి.

దీనికి మందు ఒక్కటే. కోరల్‌లో పేరును సెలెక్ట్ చేసి కంట్రోల్ క్యూ కొట్టి కర్వ్స్ చేయించుకో. అప్పుడవి అక్షరాలుగా ఉండవు, గీతలైపోతాయి. ఏ ఫోన్‌లోనైనా అదే ఆకారం వస్తుంది. ప్రెస్సుకు పంపే ఏ ఫైలైనా మేం కర్వ్స్ చేయకుండా పంపం. ఆ షాపు వాళ్లు ఫ్లెక్సీకి ఇచ్చినట్టు ఇవ్వకుండా ఎడిట్ చేసే ఫైల్ ఇచ్చారు, అంతే తేడా.

అక్షరం_ముఖ్యం
కర్వ్స్ చేయమనడం సులువే గానీ, అన్నిటికీ అదే మందు అనకండి. ఒకసారి గీతలు చేశాక ఆ పేరు ఎవరికీ పేరు కాదు. కంట్రోల్ ఎఫ్ కొట్టి వెతికితే దొరకదు. కళ్లు కనబడనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ చదవలేదు. కాపీ చేసుకోలేం. తెలుగు వెబ్‌లో సగం అక్షరాలు ఇప్పటికే బొమ్మల్లో చిక్కుకుపోయి ఉన్నాయి. ఆహ్వాన పత్రికలు, నోటీసులు, పాత పత్రికల పేజీలు, అన్నీ బొమ్మలే. కొత్తగా చేసే సైట్‌లోనైనా తెలుగును తెలుగుగా ఉంచుదాం. యూనికోడ్‌లో కొట్టు తమ్ముడూ. గూగుల్ ఫాంట్స్‌లో మల్లన్న, రామభద్ర, సురవరం, మండలి, ఇలా మంచి తెలుగు ఫాంట్లు ఉచితంగానే ఉన్నాయి.

డీటీపీ_30ఏళ్లు
@అక్షరం_ముఖ్యం మీరు చెప్పింది వినడానికి బాగుంది. కానీ లోగో అంటే ఆకారం అమ్మా. దాని వొంపు ఒక ఫోన్‌లో ఒకలా, ఇంకో ఫోన్‌లో ఇంకోలా ఉంటే అది లోగో ఎట్లా అవుతుంది? ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన ఎస్‌వీజీకి మీ గూగుల్ ఫాంట్ వస్తుందా? రాదు. మా అబ్బాయి ప్రయత్నించి చూశాడు.

జగిత్యాల_జావా
ఇక్కడ డీటీపీ సార్ చెప్పింది నిజం. ఇమేజ్ ట్యాగ్‌తో పెట్టిన ఎస్‌వీజీ తలుపులు మూసిన గదిలో ఉన్నట్టు. బయటి నుంచి ఫాంట్ గానీ, స్టైల్ షీట్ గానీ, ఇంకో బొమ్మ గానీ లోపలికి రాదు. స్క్రిప్ట్ నడవదు. పేజీలో ఫాంట్ లింక్ పెట్టినా, ఎస్‌వీజీ లోపలే ఫాంట్ లింక్ రాసినా లాభం లేదు. ఆ మెషిన్‌లో ఉన్న ఫాంటే వస్తుంది. యూనికోడ్ తెలుగు అయితే ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో సాన్స్ తెలుగు, విండోస్ 8 నుంచి నిర్మల, విండోస్ 7లో గౌతమి లేదా వాణి. అక్షరాలు చదవడానికి వస్తాయి, కానీ వెడల్పు మారి పక్క బొమ్మ మీదికి ఎక్కుతాయి.

దారులు మూడున్నాయి. కర్వ్స్ చేయడం ఒకటి. ఫాంట్‌ను బేస్64 (ఫైల్‌ను మామూలు అక్షరాలుగా మార్చే పద్ధతి) చేసి ఎస్‌వీజీ లోపలే ఇమిడ్చేయడం రెండోది, దీంతో ఫైల్ బరువెక్కుతుంది. ఎస్‌వీజీ కోడ్‌ను పేజీ హెచ్‌టీఎంఎల్‌లోనే నేరుగా అతికించడం మూడోది, అప్పుడు పేజీ ఫాంట్ దానికీ పనిచేస్తుంది.

అక్షరం_ముఖ్యం
లోగో వరకు కర్వ్స్ సరే, ఒప్పుకుంటున్నాను. అయితే ఇమేజ్ ట్యాగ్‌లో ఆల్ట్ (బొమ్మకు బదులుగా చదివే మాట) దగ్గర షాపు పేరు పూర్తిగా తెలుగులో రాయాలి. కోడ్‌ను పేజీలోనే అతికిస్తే ఎస్‌వీజీలో మొదటి లైన్‌గా టైటిల్ ట్యాగ్‌లో పేరు రాసి, రోల్ ఇమేజ్ అని పెట్టాలి. అప్పుడు స్క్రీన్ రీడర్‌కు పేరు వినిపిస్తుంది. డిజైన్ల పేర్లు, కొలతలు, నూలు రకం మాత్రం బొమ్మలో పెట్టొద్దు. కింద మామూలు తెలుగు టెక్స్ట్‌లో రాయాలి. ఈ రెండో మాట మీద నేను వెనక్కి తగ్గను.

డీటీపీ_30ఏళ్లు
అది న్యాయమైన మాట. డిజైన్ పేర్లు టెక్స్ట్‌లోనే ఉండాలి. ఎవరైనా జంపఖానా అని వెతికితే ఈ పిల్లవాడి సైట్ దొరకాలి కదా.

రామప్ప_రాయి
జంపఖానా అంటే గుర్తొచ్చింది, వరంగల్ దర్రీలకు 2018లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. ఆ మాట కూడా సైట్‌లో రాయి తమ్మీ, బొమ్మలో కాదు, టెక్స్ట్‌లో.

మంచిర్యాల_మౌస్
డిజైన్లు మూల మాత్రమే కనబడుతున్నాయి అన్నావు కదా. ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి పైన ఎస్‌వీజీ ట్యాగ్‌లో వ్యూబాక్స్ ఉందో లేదో చూడు.

కొత్తవాడ_పోరడు
లేదు. విడ్త్ 400, హైట్ 400 మాత్రమే ఉన్నాయి. ఇంక్‌స్కేప్‌లో సేవ్ చేసిన పాత కాపీలో మాత్రం వ్యూబాక్స్ ఉంది! ఫైల్ బరువు తగ్గించడానికి ఒక ఆన్‌లైన్ టూల్‌లో వేశాను, అక్కడ పోయిందేమో.

మంచిర్యాల_మౌస్
అక్కడే పోయింది. ఎస్‌వీజీవో అనే టూల్ పాత వెర్షన్లలో, వ్యూబాక్స్ అంకెలు విడ్త్, హైట్‌తో సరిపోతే ఇది అదనమని తీసేసేది. చాలా ఆన్‌లైన్ టూళ్ల లోపల ఉన్నది అదే. ఆ టూల్‌లో వ్యూబాక్స్ తీసేయమనే టిక్ తీసేసి ఫైల్‌ను మళ్లీ వెయ్యి.

వ్యూబాక్స్ అంటే ఏంటో ఒక్కసారి మనసులో పెట్టుకుంటే జీవితంలో మళ్లీ ఈ ఇబ్బంది రాదు. విడ్త్, హైట్ అంటే గోడకున్న కిటికీ సైజు. వ్యూబాక్స్ అంటే ఆ కిటికీలో ఎంత బొమ్మ ఇమడాలి అన్నది. "సున్నా సున్నా 400 400" అంటే నా బొమ్మ 400 గళ్ల వెడల్పు, 400 గళ్ల పొడవు, కిటికీ ఎంతదైనా మొత్తం అందులో ఇమడ్చు అని. అది లేకపోతే ఒక గడి అంటే ఒక పిక్సెల్ అని లెక్క. ఆబ్జెక్ట్ ట్యాగ్‌కు ఫోన్‌లో 160 పిక్సెల్స్ చోటిస్తే మొదటి 160 గళ్లే కనబడతాయి. నీకు మూల మాత్రమే కనబడింది అందుకే.

విడ్త్, హైట్, వ్యూబాక్స్ మూడూ లేకపోతే ఇంకో విచిత్రం. బ్రౌజర్ 300 వెడల్పు, 150 ఎత్తు అని తనే అనుకుంటుంది. బొమ్మ ఎందుకో 300కి 150లో ఇరుక్కుందంటే కారణం అదే.

భూపాలపల్లి_బొగ్గు
ఈ 300, 150 గొడవ నాకూ అయింది. ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియక సీఎస్‌ఎస్ అంతా వెతికాను. ఈ చర్చ రెండేళ్ల ముందు కనిపించి ఉంటే బాగుండేది.

జగిత్యాల_జావా
ఇంకో మాట, వ్యూబాక్స్‌లో బి పెద్దక్షరం. పేజీలో అతికించిన ఎస్‌వీజీలో చిన్న బి రాసినా బ్రౌజర్ సరిచేసుకుంటుంది. విడి ఫైల్‌లో అయితే సరిచేయదు, ఆ లైన్ లేనట్టే చూస్తుంది. విడి ఫైల్ ఎక్స్‌ఎంఎల్ కాబట్టి కచ్చితం ఎక్కువ. ఇది ఎస్‌వీజీ అని చెప్పే ఎక్స్‌ఎంఎల్‌ఎన్‌ఎస్ అనే లైన్ కూడా అంతే. పేజీలో అతికించినప్పుడు అక్కర్లేదు. అక్కడి నుంచి కాపీ చేసి విడి ఫైల్‌గా సేవ్ చేస్తే అది లేక బొమ్మ రాదు.

ఎనుమాముల_మిర్చి
ఎక్స్‌ఎంఎల్ కచ్చితం మీద నా అనుభవం. మార్కెట్ దగ్గర మా చిన్నాన్న వాళ్ల కమీషన్ దుకాణానికి బోర్డు బొమ్మ చేశాను. పేరు చివర "& సన్స్" అని ఉంది. ఆ & గుర్తును నోట్‌ప్యాడ్‌లో అలాగే కొట్టాను. క్రోమ్‌లో తెరిస్తే పైన గులాబీ డబ్బాలో ఎర్రర్, లైన్ నంబర్, కింద సగం బొమ్మ. ఇమేజ్ ట్యాగ్‌లో అయితే అదీ చెప్పదు, విరిగిన గుర్తు మాత్రమే. ఆ గుర్తు పక్కన ఏఎంపీ, సెమికోలన్ కలిపి రాయాలని తర్వాత తెలిసింది. హెచ్‌టీఎంఎల్‌లో ఖాళీ కోసం వాడే ఎన్‌బీఎస్‌పీ కూడా ఇక్కడ పనికిరాదు.

అదే కోడ్‌ను ఆఫీసులో విండోస్ 7 సిస్టమ్‌లో కొత్త ఫైల్‌గా సేవ్ చేస్తే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోయింది. ఆ నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను తెలుగు పట్టని ఏఎన్‌ఎస్‌ఐ అనే పాత పద్ధతిలో సేవ్ చేస్తుంది. సేవ్ యాజ్‌లో యూటీఎఫ్-8 ఎంచుకోవాలి. విండోస్ 10లో 2019 అప్‌డేట్ నుంచి అదే డిఫాల్ట్.

కొత్తవాడ_పోరడు
వ్యూబాక్స్ తిరిగి పెట్టాను, పది డిజైన్లూ పూర్తిగా వచ్చాయి. ఫోన్‌లో కూడా సరిపోతున్నాయి. లోగో కర్వ్స్ చేయించడానికి సాయంత్రం షాపుకు వెళ్తున్నాను.

డీటీపీ_30ఏళ్లు
వాట్సాప్‌లో పంపమంటే డాక్యుమెంట్‌గా పంపమని చెప్పు. ఫొటోగా పంపితే అది జేపీజీయే అవుతుంది. ఎస్‌వీజీ చేసేటప్పుడు సెలెక్టెడ్ ఓన్లీ టిక్ పెట్టమను, లేకపోతే పక్కన పడేసిన ముక్కలు కూడా వస్తాయి. కోరల్‌లో ఫొటో అతికించి ఎస్‌వీజీ అని సేవ్ చేస్తే లోపల ఉన్నది ఫొటోనే, అది మాత్రం మరిచిపోకు. పెద్దగా చేస్తే గళ్లు పడతాయి. చాలామంది "వెక్టర్ ఇచ్చాం" అని ఇచ్చేది అదే.

అక్షరం_ముఖ్యం
ఇంక్‌స్కేప్ వాడేవాళ్లకు కూడా ఒక జాగ్రత్త. పాత 0.9 రకం వెర్షన్లలో టెక్స్ట్ టూల్‌తో డబ్బా లాగి అందులో రాస్తే, అది ఫ్లోరూట్ అనే ట్యాగ్‌లో పడుతుంది. ఆ ట్యాగ్ ఎస్‌వీజీ ప్రమాణంలోకి ఎప్పుడూ రాలేదు, ఏ బ్రౌజరూ చూపించదు. ఇంక్‌స్కేప్‌లో చక్కగా ఉంటుంది, బ్రౌజర్‌లో మాటలు మాయం. మా స్కూల్ పిల్లలకు తెలుగు అక్షరమాల చార్టు చేసినప్పుడు గుణింతాలన్నీ అలా పోయాయి. టెక్స్ట్ మెనూలో కన్వర్ట్ టు టెక్స్ట్ నొక్కితే సరిపోయింది.

కాజీపేట_జంక్షన్
ఇవన్నీ చూస్తుంటే ఇప్పుడు పరిస్థితి ఎంత మెరుగైందో అనిపిస్తోంది. ఎస్‌వీజీ 1.0 ప్రమాణం వచ్చింది 2001లో. ఫైర్‌ఫాక్స్ 1.5 సొంతంగా చూపించడం మొదలుపెట్టింది 2005లో. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో మాత్రం 2011లో తొమ్మిదో వెర్షన్ వచ్చేదాకా లేదు. అంతవరకు అడోబీ వాళ్ల ప్లగిన్ వేసుకోవాలి. మైక్రోసాఫ్ట్‌కు వీఎంఎల్ అని వేరే పద్ధతి ఉండేది. 2007లో కాజీపేటలో మా నెట్ సెంటర్ సిస్టమ్స్ అన్నిటిలో ఆ ప్లగిన్ ఒక్కొక్కటిగా వేశాను, ఒక కాలేజీ ప్రాజెక్టు మ్యాప్ కనబడటం కోసం. ఆ పిల్లలు డెమో ఇచ్చిన లాబ్‌లో ప్లగిన్ లేదు. తెల్ల పేజీ వచ్చింది. వాళ్ల ముఖాలు నాకు ఇప్పటికీ గుర్తున్నాయి.

కొత్తవాడ_పోరడు
లోగో వచ్చింది, తెలుగు అచ్చం షాపు బోర్డు లాగే ఉంది. ఆల్ట్‌లో పేరు రాశాను అక్కా.

జగిత్యాల అన్న చెప్పినట్టు కోడ్‌ను పేజీలోనే అతికిస్తే రంగులు మార్చుకోవచ్చు కదా అని లోగో, అడుగున ఉండే చిన్న గుర్తు రెండూ అతికించాను. అడుగు గుర్తు వేయగానే పైన లోగో రంగులు మారిపోయాయి. ఎరుపు ఉండాల్సిన చోట ఆకుపచ్చ!

జగిత్యాల_జావా
రెండూ కోరల్ నుంచి వచ్చాయి కదా. కోరల్ రంగులకు ఫిల్0, ఫిల్1 అని క్లాసు పేర్లు పెడుతుంది, ప్రతి ఫైల్‌లోనూ అవే. ఒక ఫైల్‌లో ఫిల్0 ఎరుపు, ఇంకోదానిలో ఆకుపచ్చ. రెండూ ఒకే పేజీలో అతికిస్తే ఎస్‌వీజీ లోపలి స్టైల్ పేజీ మొత్తానికీ వర్తిస్తుంది, చివర వచ్చినదే గెలుస్తుంది. ఒకదాంట్లో పేర్లన్నీ లోగో_ఫిల్0 లాగా మార్చెయ్, ఫైండ్ రీప్లేస్‌తో నిమిషం పని. లేకపోతే ఇమేజ్ ట్యాగ్‌కే తిరిగి వెళ్లు. ఇమేజ్ ట్యాగ్‌లో ఎవరి గది వారిదే.

భూపాలపల్లి_బొగ్గు
ఐడీలతో కూడా ఇదే. 2024 మేడారం జాతరప్పుడు మా ఊరివాళ్ల కోసం దారి చూపే పేజీ ఒకటి చేశాను. బస్సు, నీళ్లు, పార్కింగ్ గుర్తులు. అన్నిటిలో రంగు మెల్లగా మారే గ్రేడియంట్, అన్నిటికీ ఒకే ఐడీ. ఫోన్ సైజులో బస్సు గుర్తును డిస్‌ప్లే నన్ పెట్టి దాచాను. వెంటనే నీళ్ల గుర్తు, పార్కింగ్ గుర్తు రంగు కూడా పోయింది. ఒకే పేరున్న ఐడీల్లో బ్రౌజర్ మొదటిదాన్నే చూస్తుంది, ఆ మొదటిది దాచేసిన బస్సులో ఉంది. జంపన్నవాగు దగ్గర సిగ్నల్ అంతంతమాత్రం, అక్కడ నిలబడి ఫోన్‌లోనే సరిచేశాను. ప్రతి ఐడీకీ వేరే పేరు పెట్టండి.

కొత్తవాడ_పోరడు
క్లాసు పేర్లు మార్చాను, రంగులు సరిపోయాయి. ఇంకొక్కటే మిగిలింది. డిజైన్లలో పక్కపక్క గళ్ల మధ్య వెంట్రుక అంత సన్నటి తెల్ల గీతలు వస్తున్నాయి. జూమ్ మారిస్తే ఒకచోట పోయి ఇంకోచోట వస్తాయి. మామ చూసి "నేత వదులైనట్టు ఉంది, ఇట్లయితే ఎవరు కొంటరు" అన్నాడు. ఒక డిజైన్ అయితే ఫోన్‌లో తెరుచుకోవడానికే చాలాసేపు పడుతోంది, ఆ ఫైల్ 6 ఎంబీ ఉంది.

రామప్ప_రాయి
తెల్ల గీతలకు షేప్ రెండరింగ్ అనే దాన్ని క్రిస్ప్ ఎడ్జెస్ చెయ్యి. పోతాయి.

మంచిర్యాల_మౌస్
@రామప్ప_రాయి మెట్ల డిజైన్‌కు అది పనిచేస్తుంది, అడ్డం నిలువు గీతలే కాబట్టి. త్రికోణాలున్న డిజైన్లకు పెడితే ఏటవాలు అంచులు రంపం పళ్లలా అవుతాయి. మామ మళ్లీ కోప్పడతాడు.

గీతలెందుకు వస్తున్నాయంటే, గడి అంచు ఒక పిక్సెల్ మధ్యలో పడినప్పుడు బ్రౌజర్ ఆ పిక్సెల్‌ను సగం రంగుతో నింపుతుంది. పక్క గడి కూడా సగమే నింపుతుంది. సగం మీద సగం వేస్తే పూర్తి రంగు రాదు, వెనకున్న తెలుపు కొంచెం తొంగిచూస్తుంది. అందుకని గళ్లన్నిటి కింద ఆ డిజైన్‌లో ఎక్కువగా ఉన్న రంగుతో ఒక పెద్ద చతురస్రం పరువు. తొంగిచూసేది తెలుపు కాకుండా ఆ రంగవుతుంది, కంటికి ఆనదు. గళ్ల కొలతలు 40.5 లాంటివి ఉంటే 40 చెయ్యి.

6 ఎంబీది ఫొటో నుంచి ఆటో ట్రేస్ (ఫొటోను సాఫ్ట్‌వేరే ఆకారాలుగా మార్చడం) చేసి ఉంటావు.

కొత్తవాడ_పోరడు
అవును, పాత దర్రీ ఒకటి ఫొటో తీసి ట్రేస్ చేశాను. అది తాత నేసినది, దానికి నమూనా కాగితం కూడా లేదు.

మంచిర్యాల_మౌస్
అందుకే. ట్రేస్ చేస్తే నూలు పోగు నీడ కూడా ఒక ఆకారమైపోతుంది. వేల ఆకారాలుంటాయి, ఫోన్ ప్రతిదాన్నీ గీయాలి. ఓపిగ్గా కూర్చొని చేత్తో గియ్యి, కానీ మొత్తం గీయొద్దు. మగ్గం మీద కూడా ఒకే నమూనా తిరిగి తిరిగి వస్తుంది కదా. ఆ ఒక్క నమూనాను ప్యాటర్న్ ట్యాగ్‌లో పెట్టి, దాంతో చతురస్రాన్ని నింపు. లేదా ఒకసారి గీసి, యూజ్ ట్యాగ్‌తో కావలసిన చోటల్లా పిలుచుకో. కొన్ని కేబీలలో అయిపోతుంది.

అక్షరం_ముఖ్యం
తాత నేసిన దర్రీకి నమూనా కాగితం లేదన్నావు. నువ్వు చేత్తో గీస్తే ఇప్పుడు అదే నమూనా కాగితం అవుతుంది. జాగ్రత్తగా గియ్యి తమ్ముడూ, అసలు దర్రీని పక్కన పరుచుకుని లెక్కపెట్టి గియ్యి.

హంటర్‌రోడ్_సర్వర్
సైట్ లింక్ వాట్సాప్‌లో పంపినప్పుడు కనబడే చిన్న బొమ్మకు ఎస్‌వీజీ పనికిరాదు. దానికి 1200, 630 కొలతలో పీఎన్‌జీ లేదా జేపీజీ ఒకటి పెట్టుకో. మిర్చి అన్న చెప్పిన పీఎన్‌జీ అక్కడ ఉపయోగపడుతుంది. తెలియనివాళ్లు పంపిన ఎస్‌వీజీలను సర్వర్‌లో పెట్టొద్దు, వాటిలో స్క్రిప్ట్ దాచొచ్చు. ఇమేజ్ ట్యాగ్‌లో అది నడవదు గానీ, అడ్రస్ నేరుగా తెరిస్తే నడుస్తుంది. వర్డ్‌ప్రెస్ మామూలుగా ఎస్‌వీజీని ఎక్కించనివ్వదు, కారణం అదే.

కొత్తవాడ_పోరడు
రాత్రి రెండింటి దాకా కూర్చుని తాత దర్రీ గీశాను. ప్యాటర్న్‌తో 6 ఎంబీ ఫైల్ 9 కేబీ అయింది, ఫోన్‌లో వెంటనే వస్తోంది. కింద మెరూన్ చతురస్రం పరిచాక తెల్ల గీతలు కూడా పోయాయి.

పొద్దున మామకు చూపించాను. ఫోన్‌లో పెద్దగా చేసి వజ్రం మెట్లు లెక్కపెట్టాడు. "ఐదు గీసినవ్, నాయిన ఏడు నేస్తుండె" అన్నాడు. పెట్టె తెరిచి అసలు దర్రీ తీసి చూస్తే నిజంగానే ఏడు. మడత దగ్గర రెండు మెట్లు నాకు కనబడలేదు. ప్యాటర్న్‌లో ఒక్కచోట మార్చాను, దర్రీ మొత్తం మారిపోయింది. కానీ మామ ఫోన్‌లో ఇంకా ఐదే కనబడుతున్నాయి.

హంటర్‌రోడ్_సర్వర్
ఆ ఫోన్ పాత ఫైల్‌ను దాచుకుని అదే చూపిస్తోంది. పేజీలో ఫైల్ పేరు చివర ప్రశ్నార్థకం పెట్టి వి=2 అని రాయి. కొత్త ఫైల్ అనుకుని మళ్లీ తెచ్చుకుంటుంది.

కొత్తవాడ_పోరడు
పెట్టాను. ఇప్పుడు ఏడు కనబడుతున్నాయి. మామ మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాడు.